ఒప్పుకోని ఇల్లు

పన్నెండింటికి బుల్డోజరు వస్తుందని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. అప్పటికి టైము పది దాటింది.

"ముసలి ఇల్లు, ముసలి మనిషి. ఇద్దరికీ కాలం తీరింది, కలిసి పడ్డారు. ఇందులో మీరు తవ్వేదేముంది డిటెక్టివ్ గారూ?"

డిటెక్టివ్ జవాబు చెప్పలేదు. అతని అసలు పేరు ఎవరి నోటా నిలవలేదు. పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్నుంచీ అందరూ నిదానం అనే పిలుస్తారు. ప్రశ్న అడుగుతాడు, జవాబు వచ్చాక కూడా ఇంకా వింటూనే ఉంటాడు. ఆ మౌనం భరించలేక ఎదుటివాడు ఇంకో మాట జారవిడుస్తాడు. ఆ జారిన మాటల మీదే అతని తిండి నడుస్తోంది.

ఇన్‌స్పెక్టరు కూడా అలాగే జారాడు.

"పైగా పక్క గోడలు పగుళ్ళిచ్చాయి. ప్రమాదం అని రాసేస్తే ఇల్లు ప్రమాదకరమైన కట్టడం అవుతుంది. అలాంటిదాన్ని కూల్చడానికి ఎవరి ఒప్పుకోలూ అక్కర్లేదు."

"హత్య అని రాస్తే?"

"సీలు పడుతుంది. కేసు తేలేదాకా ఇటుక కదలదు. అందుకే కదయ్యా ఈ ఇంటి కోడలు మిమ్మల్ని పిలిచింది."

ఆ మాట నిజమే. కొత్త రోడ్డు కోసం వీధి మొత్తాన్నీ తీసుకుంటున్నారు. రెండు చివర్లా రేకులు కొట్టి, ఒకే గేటు వదిలి, దానికో కాపలావాణ్ణి పెట్టారు. ఒప్పుకున్న ఇళ్ళన్నీ ఇటుకల గుట్టలైపోయాయి. ఊడిన పళ్ళ మధ్య ఒంటి పన్నులా ఈ ఇల్లొక్కటే మిగిలింది. ఈ ఇంటివాళ్ళు వేసిన దావా సోమవారం విచారణకు వస్తుంది. ఇల్లు నిలబడి ఉంటేనే విచారణ. నేలమట్టమైన ఇంటి గురించి వాదించడానికి ఏముంటుంది? ఇవాళ గురువారం. హత్యా, ప్రమాదమా అన్న ఒక్క మాట మీద ఇల్లు ఆగి ఉంది.

నిదానం లోపలికి నడిచాడు.

ముందు గది ఇస్త్రీ గది. పొడుగాటి బల్ల, దాని మీద నాలుగు మడతల దుప్పటి, అది కాలి కాలి మధ్యలో గోధుమరంగు తిరిగింది. గోడవారగా మూటలు. కిటికీ పక్కన అలమరలో మందు సీసాలు, సూదులు, మూత పెట్టిన నీళ్ళ గ్లాసు. ఆ కింద నేల మీద మంచం పట్టేంత మేర గచ్చు నున్నగా మెరుస్తోంది. చుట్టూ ఉన్న గచ్చు దుమ్ము కొట్టుకుపోయి ఉంది.

వెనక గదిలో సగం పైకప్పు లేదు. దూలం ఒక కొస కిందికి దిగి, విరిగిన మంచం మీద వాలి ఉంది. ముసలాయన శవాన్ని తెల్లారగానే ఆసుపత్రికి తీసుకుపోయారు. మంచం మాత్రం అక్కడే ఉంది.

ఆ వీధి ఇళ్ళన్నీ ఉమ్మడి గోడల ఇళ్ళు. రెండిళ్ళకీ మధ్య గోడ ఒక్కటే. రెండు వైపుల దూలాలూ దాని మీదే ఆనుకుంటాయి. ఒక ఇల్లు ఒప్పుకుని రెండోది ఒప్పుకోకపోతే, కూల్చేవాళ్ళు ఒప్పుకోని ఇంట్లోకి వచ్చి దూలం కింద ఊతకర్ర నిలబెట్టి, నేలలో చిన్న గుంట చేసి, కర్ర జారకుండా అడుగున చెక్క చీల దిగ్గొట్టి వెళ్తారు. ఆ తర్వాతే పక్కింటిని పడగొడతారు. కూల్చేవాడు పెట్టిన కర్ర కింద కూల్చనివ్వనివాడు పడుకోవాలి. అది అక్కడి పద్ధతి.

ఊతకర్ర ఇప్పుడు రెండు గదుల మధ్య గుమ్మం వైపు తలపెట్టి పడి ఉంది. నిదానం గొంతుక్కూర్చుని దాన్ని చేత్తో తడిమాడు. నడుము ఎత్తున బెరడు చుట్టూ ఒరుసుకుపోయింది. చీల కోసం మట్టి కదిపి చూశాడు. గుంటలో లేదు. శిథిలాల కింద లేదు. గుమ్మానికి ఇవతల, ముందు గదిలో తలుపు మూలన, చెక్కు చెదరకుండా దొరికింది.

"యంత్రాల అదురుకి జారి ఉంటుంది" అన్నాడు ఇన్‌స్పెక్టరు వెనకనుంచి.

"యంత్రాలు సాయంత్రం ఆరింటికి ఆపుతారు. దూలం తెల్లవారుజామున ఐదింటికి పడింది. పదకొండు గంటలు ఆలోచించుకుని జారిందా?"

"మీకు వెటకారం ఎక్కువ."

"మీకు తొందర ఎక్కువ. చీల దానంతటదే ఊడి, గుమ్మం దాటి, తలుపు చాటున నక్కదు."

ఇన్‌స్పెక్టరు ముఖం ముడుచుకుంది. అతను తెలివితక్కువవాడు కాదు. కాకపోతే పైవాళ్ళు అడిగిన జవాబుని ముందే జేబులో వేసుకుని వచ్చాడు. జేబులోది బయటికి తీసి పారేయాలంటే ఎవరికైనా కష్టమే. శవపరీక్ష సంగతి చెబుతూ ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేదాకా ఆగుతాననీ, అది పన్నెండు దాటితే మాత్రం తన బాధ్యత లేదనీ చెప్పి బయటికి పోయాడు.

నిదానం మంచం ఒక కోడు ఎత్తి దాని అడుగున చూశాడు. నెల రోజులుగా రాలుతున్న సున్నం, ఇటుకపొడి అక్కడా చుట్టూ ఉన్నంత మందంగానే ఉంది. అంటే మంచం అక్కడికి రాత్రే వచ్చింది. కానీ వారం కిందటే మామగారిని వెనక గదిలోకి మార్చామని కోడలు పొద్దున ఫోనులో చెప్పింది.

ఆ ఫోనూ అతనికి మింగుడు పడలేదు. ఆమె తనకు ఫోను చేసింది ఐదూ పదికి. అంబులెన్సుకి చేసింది ఐదున్నరకి. దూలం కింద మామగారుండగా ముందు డిటెక్టివ్ గుర్తొచ్చాడు, తర్వాత డాక్టరు.

*

వీధి మొదట్లో రేకుల గదిలో ఒక మనిషి కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు. భూమి తీసుకునే ఆఫీసు తరఫున ఇల్లిల్లూ తిరిగి ఒప్పించడం అతని ఉద్యోగం. కనబడ్డ ఆడమనిషినల్లా అక్కా అంటాడు కాబట్టి వీధివాళ్ళు తమ్ముడు అని పేరు పెట్టారు. తమ్ముడు వస్తున్నాడంటే తలుపులు మూసుకునేవాళ్ళు. మూసిన తలుపు ముందే కూర్చుని, లోపలివాళ్ళకి వినబడేలా కబుర్లు చెప్పేవాడట. ఎవరికి ఎంత పంతముందో, ఎవరింట్లో ఎవరికి పడదో అతనికి కంఠతా. అన్న ఒప్పుకోకపోతే వదిన దగ్గరికి, తండ్రి ఒప్పుకోకపోతే కొడుకు దగ్గరికి. ఈ ఇంటి కొడుకుని కూడా అలాగే వల్లో వేశాడు. లారీ మీద పై ఊరు పోయిన ఆ కొడుకు శనివారం వచ్చి సంతకం పెడతానన్నాడు. కానీ ఇల్లు ముసలాయన పేరున ఉంది.

నిన్న సాయంత్రం ఏం జరిగిందని నిదానం అడిగాడు. తమ్ముడు చెప్పుకొచ్చాడు. ఏడింటికి వెళ్ళాననీ, ముసలాయన మంచం మీంచే తిట్టాడనీ, తాను నవ్వుతూనే వచ్చేశాననీ అన్నాడు. నిదానం ఇంకా వింటూనే ఉన్నాడు. రేకు మీద ఎండ చిటపటలాడుతోంది.

"ఒక్క మాట అన్నాను సార్. అదే నా కొంప ముంచింది."

"ఏమన్నావు?"

"మీ దూలం మా కర్ర మీద నిలబడి ఉంది పెద్దాయనా, మరిచిపోకండి అన్నాను. నలుగురూ విన్నారు. కోపంలో అన్నాను సార్. ఆయన నన్ను ముష్టివాడా అన్నాడు."

"ఆ ఇంటికి నీళ్ళు ఎవరు ఆపారు?"

"ఆఫీసు."

"ఆఫీసంటే ఎవరు? దానికి చేతులుంటాయా?"

తమ్ముడు తల దించుకున్నాడు. మూడు రోజుల కిందట కుళాయి కట్టేయించింది తానేనన్నాడు. ఆఫీసులో తనకీ గడువుందట, ఈ ఒక్క ఇంటివల్ల తన ఉద్యోగం ఊగుతోందట. ఆ మాటకొస్తే తనుండే ఇల్లు కూడా వచ్చే ఏడాది రోడ్డులో పోతుందట. నిదానం జాలిపడలేదు. గొడ్డలికి పిడి కూడా చెట్టు నుంచే వస్తుంది. అంతమాత్రాన చెట్టు దాన్ని క్షమించనక్కర్లేదు.

"హత్య జరిగిన ఇంటిని కూల్చరాదని ఇంట్లోవాళ్ళకి ఎవరు చెప్పారు?"

కిందటి నెల ఇస్త్రీ బల్ల పక్కన టీ తాగుతూ తానే చెప్పానన్నాడు తమ్ముడు. పాత పేటలో ఒక ఇంట్లో ఎవరో ఎవర్నో పొడిచేస్తే రెండేళ్ళపాటు ఇటుక కూడా ముట్టుకోలేక ఆఫీసు తల బాదుకుందని, నవ్వు పుట్టించడానికి చెప్పిన కథ.

"అప్పుడు ఎవరెవరున్నారు?"

"అక్క ఇస్త్రీ చేస్తోంది. వాళ్ళత్త, అవ్వ కూడా ఉంది. పెద్దాయన నిద్రపోతున్నాడనుకుంటా." అతను గోళ్ళు కొరకడం ఆపాడు. "ఎందుకు సార్?"

నిదానం లేచి వచ్చేశాడు. పదకొండూ పది.

*

కోడలు బల్ల దగ్గరే నిలబడి ఉంది. ముప్పై ఐదేళ్ళ మనిషి, ఇస్త్రీ పెట్టె మోసి మోసి కుడి భుజం ఎడమదానికన్నా దిగింది. అత్తగారు మూలన మూటల మధ్య గోడకి చేరగిలి కూర్చుంది. పొద్దుటినుంచి ఆ ముసలమ్మ పెదవి విప్పలేదు. ఏడవనూ లేదు.

పిల్లలెక్కడని అడిగితే అమ్మగారింటికి పంపానంది కోడలు. ఎప్పుడని అడిగితే నిన్న సాయంత్రం అంది. ఎందుకని అడగలేదు నిదానం. ఆమే చెప్పింది, నీళ్ళు లేవు కదా అని.

"మంచం ఎప్పుడు మార్చారమ్మా?"

"చెప్పానుగా, వారమైంది."

"మందులు ముందు గదిలో మరిచిపోయారా వారంపాటు? మంచం దిగలేని మనిషికి నీళ్ళ గ్లాసు పక్క గదిలో పెట్టారా?"

అతను ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయాడు. మంచం కింది దుమ్ము, తలుపు చాటు చీల, తాడు కట్టి లాగినట్టు కర్ర మీద ఒరిపిడి, ఫోను చేసిన వరస. గొంతు పెంచలేదు. చివరికి చెయ్యి చాపాడు.

"తాడు ఎక్కడుంది?"

"మూటలకి కట్టేశాను" అంది ఆమె. తర్వాత బల్ల మీద రెండు చేతులూ ఆనించి, బరువు దించినట్టు ఊపిరి వదిలింది. "మేం చంపలేదండీ. ఆయన చచ్చిపోయాడు. నిద్రలోనే పోయాడు. నాలుగింటికి లేచి చూస్తే కట్టెలా ఉన్నాడు."

నిదానం విన్నాడు.

"చచ్చినా సంతకం పెట్టనన్నాడు జీవితమంతా. చచ్చాక పెట్టేది మా ఆయనే కదా. శనివారం వస్తాడు, పెడతాడు, సోమవారం కోర్టులో మాకేం మిగలదు. వాళ్ళిచ్చేది తొమ్మిదో అంతస్తులో గది. తొమ్మిదో అంతస్తుకి మూటలెవడు మోసుకొస్తాడు? ఈ బల్లే నా పొలం, ఈ గుమ్మమే నా అంగడి. అది పోతే నా పిల్లలకి గంజి లేదు. పోయినవాడు ఎలాగూ పోయాడు, ఆ శవమైనా ఇంటికి అడ్డం పడుతుందనుకున్నాం. ఆయనే బతికుంటే సరేననేవాడు."

ఇందులో అబద్ధం లేదనిపించింది అతనికి. హత్య కాదు. శవాన్ని అడ్డం పెట్టుకున్న మొండితనం. ఈ నిజం చెబితే కేసు లేదు. కేసు లేకపోతే సీలు లేదు. పన్నెండింటికి బల్లా, గుమ్మమూ, పొలమూ ఇటుకల కింద. తనను పిలిచిన మనిషిని తానే రోడ్డున పడెయ్యాలి. లేదంటే ఒప్పించే ఉద్యోగం తప్ప ఇంకో పాపం చెయ్యనివాణ్ణి జైల్లో పెట్టించాలి. ఎటు చూసినా రేకులే.

"చచ్చిపోయాడని ఎలా తెలిసింది?"

"తెలీదా? ముట్టుకుంటే చల్లగా ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. అద్దం పెట్టి చూశాను, మసకబారలేదు. నుదురంతా చెమట. చావు చెమట."

నిదానం తల ఎత్తాడు.

"చెమట ఆరిపోయి ఉందా, పడుతోందా?"

"తుడిచాను. మళ్ళీ పట్టింది."

అతను అలమర వైపు చూశాడు. చక్కెర జబ్బుకి వేసే సూదులు.

"రాత్రి సూది వేశారా?"

"రోజూ వేసేదే. ఏడింటికి ముందే వేశాను."

"అన్నం?"

"ఆ తమ్ముడితో గొడవ పడ్డాడుగా. కంచం విసిరేశాడు. అంతే, ముట్టలేదు."

సూది పడి, తిండి పడకపోతే మనిషి చల్లబడి, చెమటలు కక్కుతూ, పిలిస్తే పలకని కట్టె అవుతాడు. పెదవి లోపల కాస్త చక్కెర రాసి, వెంటనే ఆసుపత్రికి మోసుకుపోతే చాలావరకు లేచి కూర్చుంటాడు. చచ్చినవాడి నుదుటి మీద మాత్రం తుడిచాక మళ్ళీ చెమట పట్టదు. ఈ మాట ఆమెతో ఎలా చెప్పాలో అతను ఆలోచిస్తూనే ఉన్నాడు. ఆ లోపు గుమ్మంలో నీడ పడింది.

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చంకలో పెట్టుకుని ఉన్నాడు. ఓడినవాడి ముఖం కాదు, లెక్క మార్చుకున్నవాడి ముఖం.

"మీరే గెలిచారు. ఆసుపత్రి నుంచి ఫోను. గొంతు గొట్టం నిండా ఇటుకపొడి ఉందట, ఊపిరితిత్తుల దాకా పోయిందట. దూలం పడ్డప్పుడు ముసలాయన ఊపిరి పీలుస్తున్నాడు. పడ్డాక కూడా కొంతసేపు పీల్చాడట."

కోడలు చెయ్యి బల్ల మీంచి జారింది.

"బుల్డోజరుని వెనక్కి పంపేశాను. సీలు వేస్తాం. మనిషి కూడా చేతిలోనే ఉన్నాడు. మా కర్ర మీద నిలబడి ఉందని నలుగురిలో అన్నవాడికన్నా ఇంకెవడు కావాలి? ఇందాకే చేతులు కట్టించాను." అని నిదానం వైపు చూసి ఒక పక్కగా నవ్వాడు. "ఇదివరకు నాకు తొందర అన్నారు. ఇప్పుడు సంతోషమేనా?"

నిదానం అలవాటు ప్రకారం వింటూ ఉండిపోయాడు. ఆగండి అనాల్సిన మాట నాలుకదాకా వచ్చేసరికి ఇన్‌స్పెక్టరు గుమ్మం దిగి, సీలు తెమ్మని కానిస్టేబుల్ని కేకేస్తూ గుట్టల మధ్య నడిచిపోతున్నాడు. నలభై ఏళ్ళు తనకి తిండి పెట్టిన అలవాటు ఆ ఒక్కసారి తననే తిన్నది.

కోడలు వెళ్ళి తలుపు మూసి గడియ వేసింది. దాని మీద వీపు ఆనించి నిలబడింది.

"మాకు తెలీదండీ" అంది. "ఒట్టు. పిల్లల మీద ఒట్టు. చచ్చిపోయాడనే అనుకున్నాం ఇద్దరం."

"మూలిగాడు" అంది ముసలమ్మ.

పొద్దుటినుంచి ఆమె అన్న మొదటి మాట అది. ఇద్దరూ అటు తిరిగారు. ఆమె తన అరచేతుల్నే చూసుకుంటోంది.

"మంచం చెరో కొసా పట్టుకుని గుమ్మం దాటిస్తుంటే మూలిగాడు. నేను ఆగిపోయాను. ఏమే, మూలిగాడు కదా అన్నాను. దూలం కిర్రుమంది అత్తయ్యా, బరువు ఆగట్లేదు, తొందరగా రా అంది. నాకు చెవులు సరిగ్గా వినబడవు. కోడలు చెబితే అదేననుకున్నాను. యాభై ఏళ్ళు ఆ మూలుగు పక్కనే పడుకున్నాను. దూలం అనుకున్నాను."

"అత్తయ్యా, నీకు మతి లేదు. నోరు మూసుకో."

"నువ్వు విన్నావా లేదా?"

కోడలు అత్తవైపు చూడలేదు. డిటెక్టివ్ వైపు చూసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు, భయం కూడా లేదు. ఏడాదిగా ఒకే గదిలో ఒకే గోడని చూసినవాళ్ళ చూపు అది.

"అప్పటికే చీల ఊడదీశాను" అంది మెల్లగా. "కర్ర అలా ఊగుతోంది. ఎప్పుడు పడుతుందో తెలీదు. మళ్ళీ దిగ్గొట్టడం నాకు రాదు. వెనక్కి తెచ్చి పడుకోబెడితే? ఖాళీ గదిలో దూలం పడిపోతుంది, ఎవడూ చావడు, ప్రమాదకరమైన ఇల్లని ఆ పొద్దునే కూల్చేస్తారు. ఆయన్ని బయటికి తెచ్చే దారి లేదండీ. లోపల పెట్టే దారొక్కటే ఉంది."

నిదానం ఇంతసేపూ తప్పు చేసిన మూర్ఖుల్ని చూస్తున్నాననుకున్నాడు. ఆమె మూలుగు వింది. తూచింది. ఒక వైపు ముసలాయన, ఒక వైపు సోమవారం.

"తలుపు తియ్యండి" అన్నాడు.

"సోమవారం దాకా ఆగండి. నాలుగు రోజులు. కోర్టులో మా మాట వినేదాకా. తర్వాత మీరే నన్ను తీసుకెళ్ళండి, నడిచి వస్తాను."

"అక్కడ ఒకడికి చేతులు కట్టారు. చెయ్యని పనికి."

"నాలుగు రోజులేగా లోపల ఉంటాడు. మేము ఏడాదిగా ఈ రేకుల మధ్య ఉన్నాం."

అవతల తలుపు మీద కానిస్టేబులు చేతి చప్పుడు వినబడింది. సీలు వెయ్యాలి, లోపలున్నవాళ్ళు బయటికి రావాలన్నాడు. కోడలు వీపు ఇంకా గట్టిగా తలుపుకి నొక్కుకుంది. నిదానం ఒక అడుగు వేశాడు. ఆమె కదలలేదు, అతను చెయ్యి ఎత్తలేదు.

ముసలమ్మ మూటల్ని పట్టుకుని లేచింది. నడిచి వచ్చి కోడలి ఎదురుగా నిలబడింది. ఎత్తు కోడలి భుజానికి కూడా రాదు.

"తలుపు తియ్యవే" అంది. "నా మొగుడు లోపల చచ్చాడు. నేను లోపల చావను."

కోడలు కదల్లేదు.